పక్షుల పండుగ సరే.. నీటి సంగతేమిటి?

సూళ్లూరుపేట: ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గుముఖం పట్టే వేళకు పులికాట్ సరస్సు తీరానికి రెండు వలసలు మొదలవుతాయి. ఒకటి పక్షులది. మరొకటి కెమెరాలు భుజాన వేసుకొని తిరుపతి, చెన్నై, నెల్లూరు నుంచి తెల్లవారుజామునే బయలుదేరి వచ్చే ఛాయాచిత్రకారులది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సూళ్లూరుపేట ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. అంతవరకు శేషాచలం కొండలు, తలకోన అడవులే ప్రకృతి సంపదగా చెప్పుకొన్న తిరుపతికి దీనితో సముద్రతీరం, దేశంలో చిలికా తరువాత రెండవ అతిపెద్ద ఉప్పునీటి సరస్సు కూడా తోడయ్యాయి. శ్రీవారి దర్శనానికి వచ్చిన యాత్రికుడు మరునాడు ఫ్లెమింగోలను చూసి వెళ్లే వీలు కలగడం జిల్లా పర్యాటకానికి వరమే. ఆ వరాన్ని నిలుపుకొనే తీరులోనే లోపమున్నది.

2001లో ప్రారంభమైన ఫ్లెమింగో ఫెస్టివల్ 2020 తరువాత కొన్నేళ్లపాటు నిలిచిపోయి, తిరిగి 2025 జనవరి 18 నుంచి 20 వరకు జరిగింది. నేలపట్టు, అటకానితిప్ప, భీములవారిపాళెం సందర్శకులతో కళకళలాడాయి. ఇటువంటి ఉత్సవాల్లో పక్షుల కంటే సాంస్కృతిక వేదికలకే వెలుగులెక్కువన్న మాట ఉన్నప్పటికీ, బడి పిల్లలు బైనాక్యులర్‌లో తొలిసారి గూడబాతును చూసే అవకాశం దీనివల్లనే కలుగుతున్నదనేదీ కాదనలేనిది. పండుగ వద్దనడం ఇక్కడ విషయం కాదు. మూడు రోజుల జనాన్ని లెక్కించే యంత్రాంగం మిగిలిన సంవత్సరమంతా దేనిని లెక్కిస్తున్నదన్నదే అసలు ప్రశ్న.

గూటి కింద నీరుంటేనే..

దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు 1976లో పక్షుల రక్షిత కేంద్రమయింది. విస్తీర్ణం 458.92 హెక్టార్లు. ఇక్కడి చెరువులో నీట మునిగి నిలిచే కడప చెట్లే గూడబాతులకు పురిటి గదులు. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు కూడా అదే కొమ్మలను పంచుకొంటాయి. అక్టోబరు నుంచి గూళ్లు కట్టడం ఊపందుకొంటుంది. గూడబాతు గుడ్లు పొదగడానికి సుమారు నెల రోజులు, పిల్ల రెక్క విప్పి ఎగరడానికి మరో మూడు నెలల వరకు పడుతుంది. చెట్ల మొదళ్ల చుట్టూ నీరు నిలిచి ఉన్నంత కాలం నక్కలు, కుక్కలు గూటి దరిదాపులకు రాలేవు. చెరువు ముందుగా ఎండిన ఏడు ఆ కోటగోడ కూలినట్లే.

మనిషి వల్ల కలిగే ముప్పు వేరు. గూటికి మరీ దగ్గరగా వెళ్లినా, డ్రోన్ ఎగురవేసినా తల్లిపక్షి లేచిపోతుంది. ఆ కొద్ది నిమిషాలలోనే కాకులు, గద్దలు గుడ్లను, పసికూనలను తన్నుకుపోతాయి. ఎండకు తాళలేని కూనలు తల్లి రెక్కల నీడ లేక సొమ్మసిల్లుతాయి. చెరువుకట్ట మీద నిలిచి, కావలి గోపురం ఎక్కి చూసేవారి వల్ల ఈ ప్రమాదం లేదు. ఇంకో పది అడుగులు ముందుకు వేద్దామనే ఆరాటంతోనే అది మొదలవుతుంది.

పులికాట్‌లో చిక్కు మరొక రకం. సముద్రపు రామచిలుకలని ముచ్చటగా పిలుచుకొనే ఫ్లెమింగోలు తలను తలకిందులుగా నీటిలో ముంచి, ముక్కుతో వడగట్టి చిన్న చిన్న జీవులను, నాచును తింటాయి. ఇందుకు గంటల తరబడి ప్రశాంతత కావాలి. గులాబీ రంగు రెక్కలు విచ్చుకొన్న ఛాయాచిత్రం అందమైనదే. కానీ దానికోసం గుంపును అదిలిస్తే, బరువైన ఆ పక్షి నీటిమీద పరుగెత్తి గాలిలోకి లేవడానికి తిన్నదంతా ఖర్చు చేయవలసి వస్తుంది. రోజుకు నాలుగైదు బృందాలు అదే పని చేస్తే గుంపు ఆ చోటినే వదులుకొంటుంది. మరునాడు వచ్చిన ఛాయాచిత్రకారునికి మిగిలేది బురదనేలే.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో ఛాయాచిత్రాలు తీయడానికి అనుమతి ఇవ్వవచ్చు. 2022 సవరణ దీనికి స్పష్టమైన హద్దు గీసింది. ఆవాసాన్ని మార్చకుండా, ఆవాసానికి గాని వన్యప్రాణికి గాని కీడు కలగకుండా తీసేదానికే ఆ అనుమతి. ఈ షరతును పర్యాటకులకు తెలిసే భాషలో, ద్వారం వద్దనే చెప్పడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

పూడుతున్న ముఖద్వారాలు

పక్షుల రాకను నిర్ణయించేది అంతిమంగా నీరే. కాళంగి, ఆరణి నదులు మంచినీటిని తెస్తే, బంగాళాఖాతం ముఖద్వారాల గుండా ఉప్పునీటిని అందిస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడే రొయ్య, చేప, నాచు పెరుగుతాయి. ఆంధ్ర వైపున రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు ఇసుకమేటలతో పూడిపోవడం దశాబ్దాల నాటి వ్యథ. సముద్రపు నీరు లోనికి రాక, వేసవికి ఉత్తర భాగం చాలావరకు ఎండి ఉప్పు పేరిన మైదానమవుతుంది. సరస్సు మధ్యగా సాగే సూళ్లూరుపేట - శ్రీహరికోట రహదారి కూడా నీటి కదలికకు అడ్డుగోడగా మారిందని పరిశీలకుల అభిప్రాయం. విచిత్రమేమంటే ఫ్లెమింగోలను దగ్గరగా చూడటానికి జనం బారులు తీరేదీ ఆ రహదారి మీదనే.

ఫ్లెమింగోకు కావలసింది లోతులేని నీరు. మత్స్యకారునికి కావలసింది పడవ నడిచే నీరు. పైకి విరుద్ధంగా కనిపించినా ముఖద్వారం తెరిచి ఉంటే రెండూ సాధ్యమే. సరస్సు అంచులు పక్షికి, నడిబొడ్డు వలకు దక్కుతాయి. అందువల్ల పూడికతీతను మత్స్యశాఖ పనిగా, పక్షులను అటవీశాఖ పనిగా, పండుగను పర్యాటకశాఖ పనిగా పంచుకొని ఎవరికి వారే కూర్చోవడం సరికాదు. వేట సాగక కుటుంబాలు కూలికి వలసపోతున్న పల్లెలో పక్షి రక్షణ గురించి చెప్పినా వినే తీరిక ఎవరికుంటుంది?

నేలపట్టు రైతుల అనుభవం ఇందుకు భిన్నం. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పొలానికి ఎరువుగా పనిచేస్తుందని వారికి తెలుసు. పక్షులు వస్తే పంట పండుతుందనే నమ్మకం అక్కడ తరాలుగా ఉన్నది. రక్షిత కేంద్రం ప్రకటనకు ముందు నుంచీ గూళ్లను కాపాడింది ఆ లాభమే. పులికాట్ పల్లెల యువకులకు పక్షులను గుర్తించే శిక్షణనిచ్చి మార్గదర్శకులుగా నియమిస్తే, పండుగ ఆదాయంలో కొంతైనా వారి ఇళ్లకు చేరుతుంది. ఎంత దూరంలో ఆగాలో పర్యాటకునికి చెప్పే మనిషి కూడా దొరుకుతాడు.

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఈ విషయంలో స్వీయానుభవమే ఉన్నది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ 1991లో పక్షుల సంరక్షణ కేంద్రంగా గుర్తింపు పొందింది. అక్కడ ఉత్సవాల హడావుడి లేదు. బోడిగుట్టల మీద చెట్లు పెంచారు, వచ్చిన పక్షులను ఓపికగా నమోదు చేశారు, ఇంటివద్ద నుంచే పక్షిశాస్త్రం నేర్చుకొనే కోర్సునూ నడిపారు. ఆ నమోదు అలవాటే నేటి కెమెరా బృందాలకు కావలసినది. తేదీ, స్థలం రాసిపెట్టిన సాధారణ ఛాయాచిత్రం, కాలికి వేసిన ఉంగరం సంఖ్య కనిపించే చిత్రం బహుమతి పొందిన చిత్రం కంటే పరిశోధకులకు విలువైనవి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతున్నది. ఫెస్టివల్ జరిగే నెల కూడా అదే కనుక, ఒక ఉదయాన్ని ఆ లెక్కింపుకు కేటాయించడం కష్టం కాదు. ఆ రోజున పక్షుల సంఖ్యతోపాటు ముఖద్వారాల వద్ద నీటిమట్టాన్నీ, నేలపట్టు గూళ్ల సంఖ్యనూ ప్రకటిస్తే, ఏటికేడు ఏమి మారుతున్నదో జిల్లా ప్రజలు పోల్చి చూసుకోగలుగుతారు. వేదిక విప్పి జనం ఇళ్లకు చేరే నాటికి నేలపట్టు కొమ్మలపై అనేక కూనలకు ఇంకా రెక్కలు రావు. అవి ఎగిరి వెళ్లేవరకు, అంటే మార్చి, ఏప్రిల్ నెలల దాకా, చెరువులో నీరు నిలవాలి.