పైపు చిన్నదే, దాని మూతి ఎక్కడుందో చూడండి



పోయిన మీటింగులో చివరి అంశంగా "బయటి కొళాయిల దగ్గర పైపులు" అని రాసిపెడితే సగం మంది నవ్వారు. మిగతా సగం మంది కాఫీకి లేచారు. ఒకాయనైతే, "గనులు మూసి ఇరవై ఏళ్ళు దాటింది, ఊళ్ళో పని లేదు, పిల్లలు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోతున్నారు, మీకు పైపు చుట్టిపెట్టడమే పెద్ద సమస్య అయిందా?" అని అడిగారు. అక్కడ జవాబు చెప్పే టైం లేకపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

అవును, పైపు చుట్టిపెట్టడం సమస్యే. ఎందుకంటే కొళాయి ఎవరిదైనా దాని వెనకాల భూమిలో ఉన్న పైపు అందరిదీ.

ముందు మనం మాట్లాడే వస్తువేదో చెప్పుకుందాం. ఈ రెండు మూడేళ్ళుగా మన వీధుల్లో ఇంటింటికీ ఒక "మ్యాజిక్ పైపు" వచ్చింది. ఫోనులో ప్రకటన చూసి తెప్పించుకున్నవాళ్ళే ఎక్కువ. లోపల సాగే రబ్బరు గొట్టం, పైన గుడ్డ తొడుగు. నీళ్ళు వదిలితే మూడింతలు సాగుతుంది, నీళ్ళు పోతే ముడుచుకుంటుంది. తేలిక. మోకాళ్ళ నొప్పులున్న మన వయసు వాళ్ళు కూడా ఒంటి చేత్తో మేడ మీదికి తీసుకెళ్ళొచ్చు. కాబట్టి ఈ పైపు మీద మాకేమీ కోపం లేదు. "పైపులన్నీ నిషేధించండి, చెంబుతో పోసుకోండి" అనే పెద్దలతో మేము ఏకీభవించం. చెరువు మీద అలిగినట్టు పైపు మీద అలిగితే లాభం లేదు.

కోపమంతా వాడాక దాన్ని వదిలేసే పద్ధతి మీద. సాయంత్రం ఒక్కసారి మన వీధుల్లో నడిచి చూడండి. కొళాయికి తగిలించిన పైపు తగిలించినట్టే ఉంటుంది. మధ్య భాగం దారికి అడ్డంగా పడి ఉంటుంది. చీకట్లో పామనుకుని అదిరిపడేవాళ్ళు కొందరు, కాలికి చుట్టుకుని తూలేవాళ్ళు కొందరు. దాని రెండో మూతి ఎక్కడుంటుందో మాత్రం ఎవరూ చూడరు. ఒక ఇంట్లో బట్టలు నానబెట్టిన బకెట్లో, ఒక ఇంట్లో చెట్టు పాదులో, చాలా ఇళ్ళలో నేరుగా మోరీలో.

ఇప్పుడు అసలు విషయం. మన ఊళ్ళో కొళాయికి రోజంతా నీళ్ళు రావు. ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు కాబట్టి కొళాయి తిప్పిపెట్టి, పైపు మూతి డ్రమ్ములోనో సంపులోనో వేసి పడుకుంటారు. నీళ్ళు వస్తాయి, పోతాయి. అవతల వాల్వు కట్టగానే భూమిలోని పైపులో మిగిలిన నీళ్ళు పల్లం వైపు జారిపోతాయి. ఎగువన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ ఊరుకోదు, దొరికినదాన్ని లాక్కుంటుంది. మూతి గాలిలో ఉంటే గాలిని లాగుతుంది. మోరీలో ఉంటే మోరీ నీళ్ళను లాగుతుంది. కొబ్బరి బోండానికి పుల్ల వేసి పీల్చినట్టే. ఇక వీధిలో ఎవరైనా మెయిన్ పైపుకే మోటారు తగిలించి లాగుతుంటే చెప్పనే అక్కర్లేదు, పక్కింటి బకెట్లోని సబ్బునీళ్ళు కూడా లైనులోకి వస్తాయి. సాగే పైపు మెత్తన కాబట్టి కొంత ముడుచుకుని తక్కువ లాగుతుందేమో కానీ పూర్తిగా మూసుకోదు. పాత పచ్చ పైపైతే ఆ అడ్డు కూడా లేదు.

మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు మొదటి బిందె ఎవరు పట్టుకుంటారో వాళ్ళ ఇంటికి వెళ్తుంది ఆ మోరీ. మన పైపు చేసిన పాపం మన ఇంటికే రావాలని లేదు. నాలుగిళ్ళ అవతల ఉన్న పసిపాప పాల సీసాలోకి పోవచ్చు. 2023 ఆగస్టులో మన రాష్ట్రంలోనే, చిత్రదుర్గ కావడిగరహట్టిలో, కొళాయి నీళ్ళు తాగి మనుషులు పోయారు. అక్కడ పైపు మూతి వల్లే జరిగిందని మేము అనడం లేదు. కొళాయిలో వచ్చే నీళ్ళు చెడితే ఎంత దూరం పోతుందో గుర్తు చేస్తున్నాం, అంతే.

"నా ఇల్లు, నా కొళాయి, నా పైపు, మధ్యలో సంఘానికేం పని?" అనేవాళ్ళు ఈ ఒక్క మాటకు జవాబు చెప్పాలి. మీ పైపు మూతి మోరీలో ఉన్నంతసేపు మీ మోరీ మా బిందెకు కలిసి ఉంది. అది మీ సొంత విషయం ఎలా అవుతుంది?

మేము రైల్వేలో పనిచేసినవాళ్ళం కాబట్టి ఒక పోలిక చెప్తాం. ఆవిరి ఇంజిన్ల కాలంలో పెద్ద స్టేషన్లలో పట్టాల పక్కన నీళ్ళ స్తంభం ఉండేది. కొంగ మెడలా వంగి, చివర తోలు గొట్టం వేలాడుతూ. ఇంజిన్‌కు నీళ్ళు పట్టాక ఆ మెడను తిప్పి పట్టాలకు సమాంతరంగా పెట్టి తీరాలి. "తర్వాత పెడతాం" అనడానికి లేదు, ఎందుకంటే అడ్డంగా వదిలేస్తే వచ్చే బండికి తగులుతుంది. అలాగే రెండు లైన్లు కలిసే చోట ఫౌలింగ్ మార్క్ అని ఒక గుర్తు ఉంటుంది. మీ బండి మీ లైనులోనే నిలబడి ఉండొచ్చు, కానీ ఆ గుర్తు దాటి ఉంటే పక్క లైను బండికి ప్రమాదం. అక్కడ "నా లైను, నా బండి" అనే వాదం చెల్లదు. వీధి కొళాయికి కూడా ఒక ఫౌలింగ్ మార్క్ ఉంది. అది నేల. పైపు మూతి నేలను తాకిందంటే గుర్తు దాటినట్టే.

ఇక నీళ్ళ విలువ సంగతి. మన కోలారు జిల్లాకు ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. పాలారు నంది కొండల వైపు పుట్టి మన జిల్లా మీదుగానే ఆంధ్రకూ తమిళనాడుకూ పోతుంది, కానీ మనకు కనిపించేది ఎక్కువగా దాని ఇసకే. ఆ పాలారు మీది బేతమంగళం చెరువు నుంచే గనుల కాలంలో మన ఊరికి నీళ్ళు తెచ్చారు. శివనసముద్రం నుంచి 1902లో కరెంటు వచ్చిన ఊరని గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ కరెంటు ఎంత ముఖ్యమో బేతమంగళం నీళ్ళు కూడా అంతే ముఖ్యం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కింద వేల అడుగుల లోతు వరకు తవ్విన సొరంగాలు నీళ్ళతో నిండిపోయాయి. పైన మనం బిందెలు పట్టుకుని నిలబడ్డాం. బోర్లు ఎంత లోతుకు దింపినా చాలా చోట్ల ఫ్లోరైడ్ నీళ్ళే.

2018 నుంచి బెంగళూరు వాళ్ళు వాడి వదిలిన నీళ్ళను శుద్ధి చేసి కేసీ వ్యాలీ పథకంలో మన జిల్లా చెరువులకు పంపుతున్నారు. మార్కండేయ నది మీద యరగోళ్ డ్యాము 2023లో మొదలైంది, అది కోలారు, బంగారపేట, మాలూరుల తాగునీటికి. అంటే ఒక ఊరు కడుక్కున్న నీళ్ళు మన చెరువుల్లోకి వచ్చినా చాలు, కింద బోర్లలో నీళ్ళు ఊరితే చాలు అనుకునే స్థితి మనది. అటువంటి జిల్లాలో రబ్బరు పగిలిన పైపు రాత్రంతా కారుతుంటే చూస్తూ పోవడానికి సిగ్గుండాలి. కొళాయి నుంచి నిమిషానికి 10 లీటర్లు వస్తాయనుకుంటే, పైపు పగిలి గంట కారితే 600 లీటర్లు. అంటే మేడ మీది 500 లీటర్ల ట్యాంకు నిండి ఇంకా మిగులుతుంది. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటితో కారు కడిగినా, తోటకు పట్టినా 5,000 రూపాయల జరిమానా అన్నారు. అంత దాకా మనం తెచ్చుకోవడం ఎందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

పైపు ఎందుకు పగులుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే "కంపెనీ మోసం" అని అందరూ అక్కడితో ఆగిపోతున్నారు. లోపలి రబ్బరుకు ఎండ పడదు. రాత్రంతా కొళాయి తిప్పి, గన్ను మూసి ఉంచితే ఆ రబ్బరు సాగిన స్థితిలోనే ఉండి బలహీనమవుతుంది. మేకుకు తగిలిస్తే మేకు దగ్గర మడత పడి అక్కడే చీలుతుంది. ఇంకొకటి, ఇలాంటి పైపులు చాలా వరకు పూర్తిగా సాగాలంటే రెండు మూడు కేజీల ప్రెషర్ కావాలి. పది మీటర్ల ఎత్తున్న నీళ్ళు ఇచ్చేది ఒక్క కేజీ. మన ఒకే అంతస్తు ఇంటి మీద ట్యాంకు మూడు నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే అర కేజీ కూడా రాదు. పైపు సాగదు. సాగలేదని మనం చేత్తో లాగుతాం. ఆ లాగుడుకు కప్లింగు దగ్గర రబ్బరు జారిపోతుంది. కొనేముందు ఈ లెక్క వేసుకుంటే డబ్బులు మిగులుతాయి. ట్యాంకు నీళ్ళే వాడే ఇళ్ళకు మామూలు పొట్టి పైపే మేలు.

సరే, పద్ధతి ఏమిటి? బజారులో వెయ్యి రూపాయల రీలు కొనమని మేము చెప్పడం లేదు. పాత బకెట్ ఒకటి చాలు.

బకెట్‌ను గోడకు అడ్డంగా పెట్టి, అడుగు భాగాన్ని గోడకు ఆనించి రెండు మూడు స్క్రూలు బిగించండి. మూతి బయటికి ఉండాలి. చుట్టూ పైపు చుట్టుకోవచ్చు, లోపల గన్ను, వాషర్లు పెట్టుకోవచ్చు. కింది వైపు రెండు రంధ్రాలు వేస్తే నీళ్ళు నిలవవు. నిలిస్తే దోమ. డెంగీ దోమకు చెంచాడు మంచినీళ్ళు, ఒక వారం పది రోజులు చాలు. సజ్జ కిందో, ఎండ పడని గోడకో బిగించండి. కొళాయికి చెయ్యి చాపితే అందే దూరంలో ఉండాలి. దూరంగా పెడితే మూడో రోజుకే మళ్ళీ పైపు నేల మీద ఉంటుంది, మన సంగతి మనకు తెలియదా!

వాడాక వరస ఇది. ముందు కొళాయి కట్టాలి. తర్వాత గన్ను నొక్కి లోపల మిగిలిన నీళ్ళు మొక్కకో బకెట్టుకో వదలాలి. పైపు తనంతట తానే ముడుచుకుంటుంది. అప్పుడు కొళాయి నుంచి విప్పేయాలి. ఈ విప్పడమే ముఖ్యం, మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. చివరగా వదులుగా చుట్టి రెండు మూతులూ నేలకు ఒక అడుగైనా పైన ఉండేలా తగిలించాలి. మొత్తం రెండు నిమిషాలు. డ్రమ్ము నింపేటప్పుడు కూడా మూతి నీళ్ళలో మునగకుండా అంచుకు పైన కట్టండి. మధ్యలో జానెడు గాలి ఉంటే చాలు, వెనక్కి లాగడానికి ఏమీ దొరకదు.

వీధిలో అందరూ వాడే కొళాయి దగ్గర ఒక్కటే రూలు పెడదాం: పైపు ఎవరిదైనా సరే, వాడినవారు విప్పి తీసుకుపోవాలి. అద్దెకున్నవారికీ ఇదే, సొంతిల్లున్నవారికీ ఇదే, కమిటీ మెంబర్లకు ముందుగా ఇదే.

"ముందు నీళ్ళు సరిగ్గా ఇవ్వమని అడగండి, తర్వాత మాకు నీతులు చెప్పండి" అనే అన్నలకు ఒక మాట. అడుగుతూనే ఉన్నాం, ఇకముందూ అడుగుతాం. అర్జీ మీద మన అందరి సంతకాలూ ఉన్నాయి. కానీ పరీక్ష చేయడానికి వచ్చినవాళ్ళు మన వీధి చూసి, "మీ పైపులే మోరీలో ఉన్నాయి కదయ్యా" అంటే మనం ఏం చెప్తాం? అడిగేవాడి చెయ్యి శుభ్రంగా ఉండాలి.

మేము చదువుకున్నది తమిళ మీడియంలో. తమిళంలో "కుళాయడి సండై" అని ఒక మాట ఉంది, కొళాయి దగ్గర కొట్లాట అని. మన ఊళ్ళో కొళాయిని కన్నడంలో నల్లి అంటాం, ఆంధ్ర చుట్టాలు వింటే మంచంలో నల్లి అనుకుని లేచి దులుపుకుంటారు. ఏ భాషలో పిలిచినా కొట్లాట ఒకటే. ఇన్నాళ్ళూ బిందె వరస కోసం కొట్లాడుకున్నాం. ఇప్పుడు ఎవరి మోరీ ఎవరి బిందెలో పడిందని కొట్లాడుకునే రోజు రాకూడదు.

ఈ ఆదివారంలోగా ఇంటికొక బకెట్ గోడకెక్కాలి. డ్రిల్లు లేనివారు కింద పేరు రాయండి, సంఘం డ్రిల్లు ఉంది, మా వాళ్ళలో ఇద్దరు వచ్చి బిగించి వెళ్తారు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళు, అక్కలు, అమ్మలు ఒక్క మాట చెప్తే చాలు. ఈలోపు ఇది చదివినవాళ్ళు ఫోను పక్కన పెట్టి ఒక్కసారి బయటికి వెళ్ళి మీ పైపు మూతి ఎక్కడుందో చూసి రండి.