గుడ్డు ఎవరి కంచంలోకి?

రాజాంలో మా సంఘం సమావేశాలకు టీ, బిస్కట్లు తప్ప ఎన్నడూ ఏమీ పెట్టి ఎరగం. కిందటి చలికాలంలో రక్తహీనత గురించి మాట్లాడుకోవాలనుకున్నప్పుడు మాత్రం ఉపన్యాసం మానేసి ఒక వంట చేద్దామనిపించింది. గుడ్లు, పాలు, ఆ కాలంలో దొరికే కూరగాయలు కలిపి సన్నని సెగమీద కాల్చే వంట. పట్నాల్లో దీన్ని బేక్డ్ కస్టర్డ్ అంటారు. కస్టర్డ్ అనగానే మనకు పళ్ళముక్కల మీద పోసే పసుపుపచ్చని తీపి పదార్థమే గుర్తొస్తుంది. అది డబ్బాలో వచ్చే పొడి, ముఖ్యంగా మొక్కజొన్న పిండి. 1837లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన తన భార్యకు గుడ్డు పడదని, గుడ్డు లేకుండా దాన్ని తయారుచేశాడు. (భార్యకు ఏది పడుతుందో ఏది పడదో పట్టించుకున్న మగవాడు ఒకడైనా ఉన్నాడన్నమాట!) అసలు కస్టర్డ్ అంటే గుడ్డూ పాలూ కలిసి గట్టిపడడమే. అది తియ్యగానే ఉండాలని ఎక్కడా లేదు.

"మళ్ళీ వంటింట్లోకేనా?" అని మా కార్యకర్తల్లోనే ఒకరు ముఖం చిట్లించారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆడవాళ్ళని వంటింట్లోంచి బయటికి తేవడానికి ఇన్నేళ్ళు పనిచేసి, చివరికి గరిటె పట్టిస్తామా? కాని తిండి పంపకం జరిగేది ఆ వంటింట్లోనే. దాన్ని వదిలేసి హక్కుల గురించి మాట్లాడటం నాకు కుదరలేదు.

పన్నెండు మందిమి కూర్చున్నాం. పన్నెండు గుడ్లు, గ్లాసున్నర పాలు. కూరల్లో చిక్కుడుకాయలు, గుమ్మడి తురుము, ఉల్లికాడలు, ఒక కట్ట తోటకూర. ఇవన్నీ ముందుగా నూనెలో మగ్గించి, తడి పూర్తిగా ఆరేదాకా వేయించాలి. ఇది తొందరపడి వదిలేస్తే గుడ్డు గట్టిపడ్డాక కూరలు నీరు విడిచి, అడుగున చెరువు తేలుతుంది. వేసవిలో ఆనపకాయ, వానల్లో బీరకాయ వేసేవారు తురిమి, ఉప్పు రాసి, పది నిమిషాలాగి గట్టిగా పిండాలి. గుడ్లను నురగ వచ్చేలా గిలక్కొట్టకూడదు, సొన కలిసేదాకా కలిపితే చాలు. నురగ ఎక్కువైతే పొంగి, దించగానే కుంగిపోతుంది.

"ఓవెను ఏదమ్మా?" అన్నారు. ఓవెను లేదు. పెద్ద దాకలో రెండు వేళ్ళ ఎత్తున పొడి ఇసుక పోసి, వేడెక్కాక అందులో నూనె రాసిన వెడల్పాటి గిన్నె పెట్టి మూతపెట్టాం. ఇనపమూత మీద నాలుగు నిప్పులు వేశాం. దిబ్బరొట్టె కాల్చిన చేతులకు ఈ పని ఎవరూ నేర్పక్కర్లేదు. మంట మాత్రం సన్నగా ఉండాలి. సెగ పెరిగితే గుడ్డు బిగిసి, రంధ్రాలు పడి, నీరు కక్కుతుంది. ముప్పావుగంటకు చీపురుపుల్ల గుచ్చి చూస్తే తడి అంటలేదు. దించి పది నిమిషాలు ఆరనిచ్చాక కోశాం. పన్నెండు ముక్కలు.

అక్కడే అసలు సంగతి బయటపడింది. ఇరవై ఏళ్ళుగా ఇంటిల్లిపాదికీ వండుతున్న ఒకావిడ తన ముక్కకేసి చూస్తూ, "ఇందులో గుడ్డెంత ఉంటాదమ్మా?" అంది. ఒకటి అన్నాను. "ఒక గుడ్డు మొత్తం నాకేనా?" అని నవ్వింది. తర్వాత తనే చెప్పింది: "గుడ్లపులుసు ఎడితే మగోలకీ గుంటలకీ గుడ్లు ఏసీగా, నాకు మిగిలీది పులుసే గదా."

ఎవరూ ఆవిణ్ణి తినొద్దనలేదు. మన ఇళ్ళలో ఎవరూ అనరు. పులుసులో ఎన్ని గుడ్లు వేశారో అందరికీ తెలుసు, ఎవరికి రాలేదో మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. చివర తినేది ఆడవాళ్ళు కాబట్టి గిన్నె అడుగున ఏం మిగిలిందో వాళ్ళకి తప్ప ఎవరికీ కనపడదు. అందరి ముందూ కోసిన ముక్కల్లో ఒకటి తగ్గితే మాత్రం వెంటనే కనపడుతుంది. ఈ వంట మీద నాకున్న ఇష్టమంతా ఇందుకే.

అయితే ఆ రోజు ఒక ముసలావిడ తన ముక్క తినకుండా ఆకులో చుట్టి మనవడికని కొంగున ముడేసుకుంది. నేను తినమని బలవంతం చెయ్యలేకపోయాను. ఎంత సరిగ్గా కోసినా ఆ ముడి విప్పించలేం.

గుడ్డు తింటే రక్తహీనత పోతుందని నేను చెప్పను. గుడ్డులో మాంసకృత్తులు ఆరు గ్రాముల దాకా ఉంటాయి గాని ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలి. ఆకుకూరలో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. పక్కన నిమ్మబద్ద ఉంటే కాస్త నయం. ఐరన్ మాత్రలు మింగాల్సిందే. కాని రక్తం పట్టడానికి మాంసకృత్తులూ కావాలి, మొక్కల నుంచి వచ్చే తిండిలో దాదాపు దొరకని బి12 విటమినూ కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉంటే, అదే వయసు మగవాళ్ళలో 25 శాతానికి ఉంది. నెలసరి, కాన్పులు కొంత కారణమే. కంచం సంగతి కూడా అందులో కలిసి లేదని ఎవరైనా అనగలరా?

చట్టం ఏమంటుందో చూడండి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటి యజమాని పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దావిడ. కార్డు మీద యజమాని, బంతిలో ఆఖరు. (2022లో రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారినంత తేలిగ్గా బంతి వరస మారదు.) అదే చట్టం గర్భిణులకు, కాన్పయ్యాక ఆరు నెలల దాకా తల్లులకు అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా భోజనం పెట్టాలంటుంది. మన రాష్ట్రంలో 2013లోనే అమృతహస్తం పేరుతో వాళ్ళని కేంద్రానికి పిలిచి, కూర్చోబెట్టి, అన్నం, గుడ్డు, పాలు పెట్టే పద్ధతి మొదలైంది. రోజూ నడిచి రావడం కష్టమని, కూలిపని పోతుందని కొందరు రాలేదు, నిజమే. 2020లో కోవిడ్ వచ్చాక సరుకులు ఇంటికే చేరాయి. ఇంటికి చేరిన గుడ్డు కుటుంబం గుడ్డయిపోతుంది, పులుసులో పడుతుంది. తర్వాత కథ పైన చెప్పిందే. సరుకు ఇంటికి చేర్చడం అందరికీ సుఖం, లెక్క రాసేవాళ్ళకి మరీ సుఖం. గుడ్డు గడప దాటి లోపలికి వెళ్ళిందని రిజిస్టరు చెబుతుంది గాని, ఎవరి నోట్లోకి వెళ్ళిందో చెప్పదు. నా మటుకు నాకు, కూర్చోబెట్టి పెట్టే భోజనమే కావాలని మనం గట్టిగా అడగాలనిపిస్తుంది. దూరం ఉన్న చోట కేంద్రాన్నే దగ్గరికి తెమ్మని అడగాలి.

ఈసారి మీ ఊళ్ళో అంగన్‌వాడీకి వెళ్ళినప్పుడు స్టాకు పుస్తకంతో పాటు ఇద్దరు ముగ్గురు గర్భిణుల ఇళ్ళకు కూడా వెళ్ళి, నిన్న గుడ్డు ఎవరు తిన్నారని అడగండి. అత్తగారి ముందు అడగవద్దు, నీళ్ళబిందె దగ్గరో పెరట్లోనో అడగండి. ఏం చెప్పారో రాసి పంపండి. మా సంఘంలో వేసవికి ఆనపకాయ, మునగాకులతో మళ్ళీ చేస్తున్నాం. ఈసారి పదమూడు ముక్కలు కోస్తాం, కొంగున కట్టుకునే ఆవిడకు రెండు.