వినిపెగ్ నుంచి కోవిల్‌పట్టికి

ఏమండీ, మంచు దేశంలో ఇల్లూ ఉద్యోగమూ చూసుకుని స్థిరపడ్డవాళ్ళు అన్నీ సర్దేసుకుని తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కన పల్లెటూళ్ళో కాపురం పెడతారా? మా చిన్నాయన కొడుకూ వాడి పెళ్ళామూ పెట్టారు. కెనడాలో వినిపెగ్ అని ఒక ఊరుంది. జనవరిలో మైనస్ 30 అంటే అక్కడ ఎవరూ ఉలిక్కిపడరు. అక్కడి నుంచి తిన్నగా ఇక్కడ దిగారు, అదీ ఏప్రిల్ నెలలో. చిన్నాయనకి చూపు మందగించింది, చిన్నమ్మకి మోకాళ్ళు మొరాయించాయి. ఇంటికి ఒక మనిషి కావాలి కదా, వచ్చారు.

ఊళ్ళో అందరిదీ ఒకటే మాట: "చూస్తూ ఉండండి, నెల తిరక్కుండా టిక్కెట్లు కొనుక్కుంటారు." నేను మాత్రం ఆ మాటకి తల ఊపలేదు. మంచులో బతికినవాళ్ళకి ఒక విద్య వస్తుంది. అది మద్రాసు వాళ్ళకి రాదు, హైదరాబాదు వాళ్ళకి అసలే రాదు. ఏమిటంటే, వాతావరణంతో వాదన పెట్టుకోకపోవడం. మద్రాసు నుంచి మా ఇంటికి వచ్చే చుట్టాలు మే నెలలో మధ్యాహ్నం రెండింటికి "పదండి, శ్రీవిల్లిపుత్తూరు చూసొద్దాం" అంటారు. ఆండాళ్ గుడి ఆ వేళకి మూసి ఉంటుంది, మూసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళా? మా మరదలు మాత్రం దిగిన రోజే అడిగింది, "వదినా, ఇక్కడ ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా బయటికి పోకూడదు?" అని. అప్పుడే అనుకున్నాను, ఈ అమ్మాయి ఉంటుందని.

మావాడి లెక్క ఇంకా సులువు. "అక్కడ రాత్రిపూట కారు ఇంజన్‌కి కరెంటు తీగ తగిలించి పడుకోవాలక్కా, లేకపోతే తెల్లారి కదలదు. ఇక్కడ వేపచెట్టు నీడ చూసుకుంటే చాలు." అంతే, వాడి మటుకు సమస్య తీరిపోయింది.

ఇక్కడో మాట చెప్పాలి. మా సీమని అందరూ ఎడారి అంటారు గానీ, పుస్తకం ప్రకారం కాదు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడితే ఎడారి అంటారట. మా వైపు విరుదునగర్ జిల్లాలో ఇంచుమించు 800 పడుతుంది. హైదరాబాదులోనూ దాదాపు అంతే. రెంటచింతల వాళ్ళ ముందు మా 40 డిగ్రీల గొప్ప చెబితే నవ్విపోతారు కూడా. మరి తేడా ఎక్కడొచ్చిందంటే, వేళలో వచ్చింది. మన తెలుగు జిల్లాల్లో ఎంత ఎండ కాసినా జూన్ కోసం ఎదురుచూస్తాం. మృగశిర వచ్చిందంటే మబ్బు, చినుకు, చేపల పులుసు. ఇక్కడ జూన్‌లో మబ్బు కనిపిస్తుంది, పడమటి కనుమలకి అవతలే ఆగిపోతుంది. కేరళ తడిసి ముద్దవుతుంటే మేం కొండ ఇవతల నిలబడి చూస్తూ ఉంటాం. మాకు వచ్చేది గాలి. వాన కావాలంటే అక్టోబరుదాకా ఆగాలి, ఈశాన్య రుతుపవనం కరుణించాలి. అంటే మార్చిలో మొదలైన వేడి సెప్టెంబరుదాకా నడుస్తూనే ఉంటుంది. మా మరదలిది గుంటూరు. ఎండలు తనకి కొత్త కాదు. "జూలైలో కూడా ఏంటి వదినా ఇదీ" అన్నదొక్కటే ఆమె ఫిర్యాదు.

ఆ గాలి సంగతి వేరే చెప్పుకోవాలి. మనవాళ్ళు రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా. తమిళులు ఆడి మాసం గాలికి అమ్మి రాయి కూడా ఎగిరిపోతుందంటారు. ఎండైనా గాలైనా రెండు భాషల్లోనూ వంటింటి రాళ్ళ మీదే పడ్డారు! కయత్తారు వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా గాలిమరలు తిరుగుతూ ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడ్డ పాళెగాడు కట్టబొమ్మన్‌ని 1799 అక్టోబరు 16న ఉరి తీసిన కయత్తారే అది. ఆయనదీ తెలుగు మాట్లాడే ఇల్లే. ఇప్పుడు అక్కడి గాలిని కరెంటు చేసి అమ్ముతున్నారు. ఇంట్లో మాత్రం ఆ గాలికి అన్నంలో దుమ్ము, మంచం మీద దుమ్ము, దేవుడి పటం మీద దుమ్ము.

సరే, ఒళ్ళు ఎలా తట్టుకుంటుంది? డాక్టర్లు చెప్పేది ఏమిటంటే, వేడికి అలవాటు పడడానికి మనిషి ఒంటికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదట తలనొప్పి, నీరసం, చిరాకు. తర్వాత చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, పైగా ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. అంటే ఒళ్ళే పొదుపు నేర్చుకుంటుందన్నమాట. కానీ ఏసీ గదిలో తలుపులు బిగించుకుని కూర్చుంటే ఆ పాఠం రాదు. పొద్దునా సాయంత్రం కాస్త కాస్త వేడి తగలాలి. మా చిన్నమ్మకి ఈ శాస్త్రాలేమీ తెలియవు, ఆవిడ పద్ధతి ఆవిడది. తెల్లారేసరికి సజ్జ అంబలి. రాత్రే కాచి కుండలో పెడుతుంది. పొద్దున్న దాన్ని చేత్తో పిసికి, పుల్లటి చల్ల పోసి, రాతి ఉప్పు వేసి, చిన్న ఉల్లిపాయలు నాలుగు కచ్చాపచ్చాగా దంచి పడేస్తుంది. పక్కన ఒక ఊరమిరపకాయ. ఇక్కడివాళ్ళు దీన్ని కంబంగూళు అంటారు. మొదట్లో మావాడు ముక్కు మూసుకుని తాగాడు. ఇప్పుడు రెండో గ్లాసుకి వాళ్ళమ్మతో తగువు పెట్టుకుంటున్నాడు. పది దాటాక తాటి ముంజెలు, దొరికితే పదనీరు, అంటే తాటి నీరా. ఫ్రిజ్‌లో నీళ్ళు తాగితే మాత్రం చిన్నమ్మ ఊరుకోదు.

పొడి గాలి వాళ్ళకి కొత్తేమీ కాదట. వినిపెగ్‌లో చలికాలం ఇంట్లో హీటర్లు వేసుకుంటే గాలిలో తేమంతా పోయి పెదవులు పగిలి, ముక్కులోంచి రక్తం వస్తుందని మరదలు చెప్పింది. ఇక్కడ పగిలేది నేల. ఆ నేల దగ్గరికే వస్తున్నాను, అసలు ముచ్చట అదే.

మాది నల్లరేగడి. తమిళంలో కరిసల్ అంటారు. ఏప్రిల్‌లో చేలో నడిస్తే అరచెయ్యి దూరేంత నెర్రెలు. వాన పడిందా, ఇంక చెప్పుల పని అయిపోయినట్టే. నాలుగడుగులు వేసేసరికి ఒక్కో చెప్పుకి ఒక్కో ఇటుకరాయంత మట్టి అంటుకుంటుంది. సైకిలు తోసుకెళ్తే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి బిగుసుకుపోయి చక్రం తిరగదు, భుజానికెత్తుకోవాల్సిందే. మొన్న అక్టోబరు వానకి మావాడు అలా రెండు కాళ్ళకీ మట్టి బూట్లతో గుమ్మంలోకొచ్చి పెద్దగా నవ్వాడు. "అక్కా, ఇది మా వినిపెగ్ మట్టే!" నాకు ఎగతాళి అనిపించింది. నిజమేనట. వేల ఏళ్ళ కిందట అక్కడ ఆగసీ అనే మహా సరస్సు ఉండేదట, దాని నీళ్ళన్నీ పారిపోయాక మిగిలిన బంకమట్టి మీదే ఆ ఊరు కట్టారు. వాళ్ళు దాన్ని గంబో అంటారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, ఇళ్ళ గోడలు పగులుతాయి. వేసవిలో పునాది చుట్టూ నీళ్ళు పోసేవాళ్ళు కూడా ఉంటారట. మా చిన్నాయన ఇంటి తూర్పు గోడ మీద పైనుంచి కిందికి ఒక చీలిక ఉంది. వాన పడితే మూసుకుంటుంది, ఎండ కాస్తే తెరుచుకుంటుంది. మేస్త్రీలు ఇద్దరు వచ్చి సిమెంటు పూసి డబ్బులు తీసుకుపోయారు. మావాడు ఒక్క చూపు చూసి, "పూస్తే ఆగదు అక్కా, నేల కదులుతోంది" అన్నాడు.

అప్పుడు నాకు మా పూర్వీకుల సంగతి కాస్త అర్థమైంది. మేమూ ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళమే కదా. విజయనగరం రాజుల కాలంలో, మదురై నాయకుల కాలంలో తెలుగు దేశం నుంచి వచ్చిన కమ్మవాళ్ళు, రెడ్లు, కంబళత్తు నాయకర్లు ఈ సీమ నిండా ఉన్నారు. ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గురించి మీరు వినే ఉంటారు. కోవిల్‌పట్టి పక్క పల్లె, ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. ఆయన 1976లో 'గోపల్ల గ్రామం' అని నవల రాశారు. పాలకుడి కన్ను ఇంటి ఆడపిల్ల మీద పడితే రాత్రికి రాత్రి పారిపోయి దక్షిణానికి నడిచిన కుటుంబం కథ అది. నడిచీ నడిచీ ఇక్కడికొచ్చి, అడవిని తగలబెట్టి పొలం చేసుకున్నారు. దాని తర్వాతి నవలకి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆయన 2021 మే 17న పోతే తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. మా ఇళ్ళల్లో ముసలమ్మలు చెప్పే కథలన్నీ ఇంచుమించు ఆ దారినే నడుస్తాయి: రాజు, ఆడపిల్ల, నది, పరుగు.

పరుగు సరే. ఇక్కడే ఎందుకు ఆగారు? చిన్నప్పటి నుంచీ నాకు ఇదే అనుమానం. ఇంకో 50 కిలోమీటర్లు చిల్లర నడిస్తే తామ్రపర్ణి ఒడ్డు, మూడు పంటల నేల. అంత దూరం వచ్చినవాళ్ళకి అదో లెక్కా? కానీ నది ఒడ్డు పొలాలకి అప్పటికే వందల ఏళ్ళుగా ఆసాములున్నారు. కొత్తగా వచ్చినవాడికి అక్కడ దొరికేది కూలిపనే. ఈ నల్లమట్టిని మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. చెరువు కింద వరి పండించేవాడికి ఇది పనికిరాని నేల. మనవాళ్ళకి మాత్రం చెయ్యి తిరిగిన నేల. ఎప్పుడు దున్నాలో, ఒక్క వానతో పత్తినీ జొన్ననీ ఎలా గట్టెక్కించాలో, ఎక్కడ తవ్వితే బావి పడుతుందో వాళ్ళకి తెలుసు. ఎండని చూసి భయపడి ఉంటే ఇంకో ఊరు చూసుకునేవాళ్ళు. వాళ్ళు మట్టిని చూసి ఆగారు. నా ఉద్దేశంలో మనిషి వలస పోయేటప్పుడు వాతావరణం ఆఖరి లెక్క. అది పదిహేను రోజుల్లో ఒంటబడుతుంది. నేల తెలియాలి, నీళ్ళ దారి తెలియాలి, పక్కింట్లో పలకరించే మనిషి ఉండాలి.

రాజపాళయం రాజులు మాత్రం ఇంకాస్త గడుసువాళ్ళు లెండి. వాళ్ళూ తెలుగు దేశం నుంచి వచ్చినవాళ్ళే, కాకపోతే పడమటి కొండల అడుగున చోటు చూసుకున్నారు. చల్లగాలీ ఉంది, పొలాలూ ఉన్నాయి. 1936లో నూలు మిల్లు పెట్టుకున్నారు. వాళ్ళలో కుమారస్వామి రాజా గారు 1949లో మద్రాసు ముఖ్యమంత్రి కూడా అయ్యారు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు మేం ఎండ గురించి మాట్లాడితే, వాళ్ళు మామిడిపళ్ళ గురించి మాట్లాడతారు.

మా ఎండ ఊరికే పోలేదు, అదీ చెప్పాలి. 1920లలో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అని ఇద్దరు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల పని నేర్చుకుని వచ్చారు. పుల్లలకి పూసిన మందు ఆరాలన్నా, టపాకాయలు ఎండాలన్నా ఏడాదిలో ఎక్కువ నెలలు వాన లేని ఊరే కావాలి. వ్యవసాయానికి శాపమైనది ఆ పనికి పెట్టుబడి అయింది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి అలా బతికాయి. విరుదునగర్ మండీల్లో మిరపకాయలూ ధనియాలూ పప్పులూ ఈ ఎండలోనే ఆరతాయి.

కొరత అంటే నీళ్ళదే. కోవిల్‌పట్టికి తామ్రపర్ణి నీళ్ళు గొట్టాల్లో రావాలి. వచ్చే రోజు తెలుసుకోవడం, బిందెలూ తొట్టీ నింపుకోవడం ఒక కళ. మావాడు దీనికీ కంగారుపడలేదు. వినిపెగ్‌కి కూడా తాగునీళ్ళు 150 కిలోమీటర్ల అవతల షోల్ సరస్సు నుంచే వస్తాయట, 1919 నుంచీ. "కాకపోతే అక్కడ కుళాయి తిప్పితే ఎప్పుడైనా వస్తాయి అక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేదు, మునిసిపాలిటీ వాళ్ళ దగ్గర ఉందేమో అడగాలి.

వాళ్ళొచ్చి రెండో వేసవి కూడా దాటింది. మిద్దె మీద సున్నం కొట్టించారు, కిటికీలకి వట్టివేళ్ళ తడకలు కట్టారు, సాయంత్రం మిద్దె తడిపి అక్కడే పడుకుంటున్నారు. పెరట్లో సర్కారు తుమ్మ పీకించి రెండు వేపమొక్కలు పెట్టారు. టిక్కెట్ల మాట ఎవరూ ఎత్తడం లేదు.

మీలో ఎవరైనా చలిదేశం వదిలి ఇలాంటి ఎండసీమకి వచ్చే ఆలోచనలో ఉంటే నాదొక సలహా. మా వాళ్ళలా ఏప్రిల్‌లో దిగకండి. నవంబరులో రండి. వాన ఉంటుంది, నెర్రెలు మూసుకుని ఉంటాయి, చేలు పచ్చగా కనిపిస్తాయి, మెల్లగా ముదిరే ఎండకి ఒళ్ళు తనంతట తనే సర్దుకుంటుంది. ఇల్లు కొనేముందు గోడల్లో చీలికలు చూడండి, నీళ్ళు ఎన్నాళ్ళకోసారి వస్తాయో పక్కింటావిణ్ణి అడగండి, ఇంటి ఏజెంటుని కాదు. స్వెటర్లు మాత్రం అక్కడే పంచిపెట్టి రాకండి. మార్గళిలో, అంటే మన ధనుర్మాసంలో, తెల్లవారుజామున 20 డిగ్రీలుంటే మా ఊళ్ళో అందరూ చెవులకి మఫ్లర్లు చుట్టుకుంటారు. మీరొక్కరే ఉత్త చొక్కాతో తిరిగితే మా చిన్నమ్మ లోపలికి పిలిచి మరీ చీవాట్లు పెడుతుంది.