ఈస్టర్ మర్నాడు పడ్డ బాంబులు

1942లో ఈస్టర్ ఏప్రిల్ 5న వచ్చింది. ఆ పొద్దున జపాన్ విమానాలు కొలంబో మీద దాడిచేశాయి. మర్నాడు ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. మన విశాఖ రేవు తెరిచి అప్పటికి 9 ఏళ్లు కూడా నిండలేదు. ప్రాణాలు పోయినవాళ్లు కొద్దిమందే గాని, భయపడి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు.

పాతనగరంలో మా పక్కింటి మామ్మగారు ఆనాటి సంగతి చెబుతుండేది. చంకలో బిడ్డ, నెత్తిన మూట, కాళ్లకు చెప్పులైనా లేవు. చివర్న ఎప్పుడూ ఒకటే మాట: "ప్రభువు కాపాడాడు బాబూ." చిన్నతనం కదా, ఒకసారి అడిగేశాను: "మరి చచ్చిపోయినవాళ్లో మామ్మా?" ఆవిడ చాలాసేపు పలకలేదు. "వాళ్ల కాలం తీరిపోయింది" అంది చివరికి. ఆ జవాబు ఆవిడకే సరిపోలేదని ముఖం చూస్తే నాకే తెలిసింది.

ప్రాణం దక్కినవాళ్ల కృతజ్ఞతను నేను తప్పుపట్టను. కాని ఆ మాటలో, అనేవాళ్లకు తెలియకుండానే, పోయినవాళ్ల మీద ఒక తీర్పు ఉంది. కాపాడగలిగినవాడు నన్ను కాపాడాడంటే, వాళ్లను చూస్తూ చూస్తూ వదిలేశాడనే కదా అర్థం. ఎందుకు వదిలేశాడు? పాపమా, విశ్వాసం చాలలేదా, ప్రార్థన అందలేదా? ఏది చెప్పినా శవం దగ్గర కూర్చున్న తల్లికి అది రెండో దెబ్బ.

రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి. ఊరిని కాచింది ఫలానా కొండేనని మూడు వైపుల నుంచీ విన్నాను. జపాన్ వాళ్లు వచ్చింది రేవు కోసం, ఓడల కోసం. వచ్చిన విమానాలు కొద్ది. ఆ రోజు నష్టం ఎందుకు తక్కువో చెప్పడానికి ఈ కారణాలు చాలు. వీటిలో ఏదీ చనిపోయినవాళ్లను దోషులుగా నిలబెట్టదు.

కష్టకాలంలో మా వైపు ప్రార్థన కూడికల్లో తప్పకుండా చదివేది 91వ కీర్తన. పక్కన వేలమంది కూలినా అపాయం నీ దాకా రాదన్న అభయం అందులో ఉంది. ఆ పక్కన కూలినవాడి ఇంట్లోనూ అదే కీర్తన చదివి ఉండవచ్చు కదా! విశ్వాసులకు నేను గుర్తుచేయాలనుకునేది మత్తయి సువార్త నాలుగో అధ్యాయం. ఆలయ శిఖరం మీద ఈ కీర్తననే ఎత్తి చూపి దూకమన్నది సాతాను. కాదన్నది యేసు. లూకా పదమూడో అధ్యాయంలో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతా ఊరివాళ్ల కంటే పాపులు కారని యేసే చెబుతాడు. వెంటనే మారుమనస్సు పొందమని హెచ్చరిస్తాడు, అక్కడ నేను ఆయనతో నడవలేను. కాని చావును బట్టి చచ్చినవాడి గుణం తేల్చకూడదన్న ఆ ఒక్క మాటనైనా మన సాక్ష్యాల కూడికలు విన్నట్టు కనిపించదు.

కొందరిని కాచి కొందరిని ఎందుకు వదిలేశాడన్న ప్రశ్నను నేను ఎక్కువగా తలచుకునేది నాగసాకి గురించి చదివాక. 1945 ఆగస్టు 9న అణుబాంబుకు మొదటి గురి కొకురా నగరం. అక్కడ మబ్బూ పొగా కమ్మి గురి కనబడక విమానం నాగసాకికి తిరిగింది. బాంబు పేలింది ఉరకామి లోయ మీద, జపాన్‌లో కాథలిక్కులు అన్నిచోట్ల కంటే ఎక్కువగా ఉన్న పేట అది. విమానం నడిపిన స్వీనీ కూడా కాథలిక్కే. ఆ నవంబరులో చర్చి శిథిలాల దగ్గర అక్కడి కాథలిక్ డాక్టర్ తకాషి నగాయి మాట్లాడుతూ, మబ్బులు కమ్మడం దైవసంకల్పమనీ, ఉరకామి యుద్ధం ముగియడానికి అర్పించిన దహనబలి అనీ అన్నాడు. ఆయన భార్య కూడా ఆ బాంబుకే బలైంది. అంత దుఃఖంలో ఉన్న మనిషి తన దుఃఖానికి ఒక అర్థం వెతుక్కుంటే ఆయన్ని నిందించను. ఆ అర్థాన్ని మాత్రం ఒప్పుకోను. బాంబు తయారుచేసినవాళ్లూ, వేయమన్నవాళ్లూ, వేసినవాళ్లూ ఉన్నారు. బలి అనగానే వాళ్లంతా తప్పుకుని, లెక్క దేవుడి ఖాతాలోకి పోతుంది.

1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, మన రేవు ముందు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది, 90 మందికి పైగా చనిపోయారు. ఆ ఓడ ఇంకా అడుగునే ఉంది. బీచ్ రోడ్డులో విజయ స్మారకం దగ్గర నిలబడినప్పుడల్లా అనుకుంటాను: ఆ 90 ఇళ్లలోనూ తల్లులు ప్రార్థించే ఉంటారు.

మామ్మగారి కథలో ఇంకొక ముక్క ఉంది. ఆ రాత్రి పల్లెలో ముక్కూమొహం తెలియని ఇంటివాళ్లు పిల్చి, గంజి పోసి, పశువుల పాకలో గడ్డి పరిచి పడుకోబెట్టారు. వారం పైనే ఉంచుకున్నారు. ఆ ఇంటి పేరు ఆవిడకు పోయేదాకా గుర్తుంది, అరుగు మీద మాకు ఎన్నోసార్లు చెప్పింది. చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడు మాత్రం ఆ పేరు రాలేదు.