సైకిల్ వచ్చే ఏడాది, హోంవర్క్ ఈ రాత్రి



ఈసారి జీతాల గురించి, వీసాల గురించి కాదు, ఇంటికాడ ఉన్న పిల్లల గురించి రాస్తున్న. కొంచెం ఓపికగా చదవండి.

మనమందరం ఫోన్‌లో పిల్లలకు చెప్పే మాట ఒకటుంది: "మంచిగ చదువు బిడ్డా, వచ్చే ఏడాది వచ్చేటప్పుడు సైకిల్ కొనిస్త." నేను మా చిన్నోనికి మూడేండ్లు ఇదే చెప్పిన. సైకిల్ అంటే వానికి పాణం. అయినా పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోడు. సగం లెక్క చేసి లేస్తడు, వారానికి రెండు పెన్సిళ్లు పోగొడతడు. నేను ఇక్కడి నుంచి వాని మీద అరిచేటోన్ని. తర్వాత వాళ్లమ్మ మీద: "నువ్వే గారాబం చేసి చెడగొట్టినవ్." పోయిన సెలవుల డాక్టర్‌కు చూపిస్తే ఏడీహెచ్‌డీ అన్నరు. ఇన్నేండ్లు నేను అరిచింది బద్ధకం మీద కాదని అప్పుడు తెలిసింది.

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, అతి చురుకు, తొందరపాటు. ప్రపంచంలో సుమారు నూటికి 5 గురు పిల్లలకు ఉంటుందని అంచనా. తల్లి గారాబం వల్ల వచ్చేది కాదు. చాలావరకు వంశంలో వచ్చేదే. తెలివి తక్కువై కూడా కాదు.

ఈ పిల్లలకు "ఇప్పుడు చిన్నది కావాలా, ఆగితే పెద్దది కావాలా" అని పరీక్ష పెడితే, మిగతా పిల్లల కంటే ఎక్కువసార్లు ఇప్పుడు దొరికే చిన్నదే తీసుకుంటారు. బ్రిటన్ శాస్త్రవేత్త ఎడ్మండ్ సొనుగా-బార్క్ 1992 నుంచి చెబుతున్నది ఇదే: వీళ్లకు ఎదురుచూడడమే పెద్ద కష్టం. దూరంలో ఉన్న బహుమతి వాళ్ల మనసుకు ఆనదు. వచ్చే ఏడాది సైకిల్ వాళ్లను ఈ రాత్రి హోంవర్క్‌కు కదిలించలేదు.

మన సంగతే చూడండి. కంపెనీ వాళ్లు "నెలనెలా జీతం ఇవ్వం, రెండేండ్ల కాంట్రాక్ట్ అయిపోయినంక ఒకేసారి ఇస్తం" అంటే మనలో ఎంతమంది పనికి పోతరు? రెండు నెలలు జీతం ఆగితేనే చెయ్యి ఆడదు. మనకు రెండేండ్లు ఎంతో, ఆ పిల్లగానికి ఒక నెల అంత.

కష్టం సంగతి కూడా అంతే. ఒకే బరువు జనవరిలో మోసినా, జూన్ ఎండలో మోసినా ఒకటేనా? ఇక్కడ యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించొద్దని రూల్ ఉంది. మనం సోమరులమని పెట్టలేదు కదా? వేరే పిల్లలకు నీడపట్టున పనిలాంటి హోంవర్క్, ఈ పిల్లలకు ఎండలో పని. వాళ్లకూ నడుమ విరామం కావాలె.

"అయితే లంచం ఇచ్చి చదివించాల్నా?" అని మా రూమ్‌ల ఒక అన్న అడిగిండు. నేనన్న: అన్నా, నీ నెల జీతం లంచమా? తప్పు పనికి ఇచ్చేది లంచం. పడ్డ కష్టానికి ఇచ్చేది కూలి. ఈ పిల్లలకు కూలి ఏ పూటది ఆ పూటే ఇయ్యాలె, అంతే తేడా.

మా ఇంట్ల ఇప్పుడు ఇట్ల చేస్తున్నం:

👉 హోంవర్క్‌ను పది నిమిషాల ముక్కలు చేసినం. ఒక ముక్క అయితే క్యాలెండర్ మీద ఒక చుక్క, ఐదు నిమిషాలు ఆట.
👉 ఐదు చుక్కలైతే అదే రోజు వానికి ఇష్టమైనది: అట్లు, లేకుంటే అరగంట క్రికెట్. ఖర్చు పెద్దగ లేదు.
👉 వచ్చిన చుక్కను కోపంతో తుడిపేయం. చేసిన పనికి జీతం కోస్తే మనకెట్లుంటదో వానికీ అంతే.
👉 నేను ఫోన్ చేయంగనే "మార్కులెన్ని?" అని అడుగుత లేను. "ఇయ్యాల రెండు లెక్కలు లేవకుండ చేసినవట గదా!" అంటున్న.

వాడు ఫస్ట్ ర్యాంక్ ఏం రాలేదు. కానీ నా ఫోన్ వస్తే ఇప్పుడు దాక్కోడు. నాకది చాలా పెద్దది.

ఒక జాగ్రత్త. అల్లరి చేసే ప్రతి పిల్లవాడికీ ఈ సమస్య ఉన్నట్టు కాదు. నాయిన దూరమైన దిగులుతోని కూడా పిల్లలు అట్ల చేస్తరు. పన్నెండేండ్ల లోపే మొదలై, కనీసం ఆరు నెలలు, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తేనే డాక్టర్లు దీని గురించి ఆలోచిస్తారు. తేల్చేది డాక్టరే, మందు కావాల్నా వద్దా చెప్పేది కూడా డాక్టరే. ఇంటి దగ్గర వాళ్లు టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. సర్కారు బడి, అంగన్‌వాడీ పిల్లలను చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో కూడా ఈ సమస్య లెక్కలో ఉంది. బడిలో సార్‌ను, అంగన్‌వాడీ టీచర్‌ను అడగమనండి.

సైకిల్ కొనియ్యండి, వద్దనను. కానీ అది వచ్చేదాకా ప్రతి రాత్రి ఒక మంచి మాట పంపండి. అది కూడా ఇంటికి పంపే పైసలంత అవసరమే.