స్కాన్ కంటే ముందు మందుల చీటీ

సంపాదకులకు,

ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగితే వెంటనే ఎంఆర్ఐ తీయించుకోవాలన్న మీ ఆరోగ్య పేజీ సలహాతో ఏకీభవించలేను. గ్యాస్‌కని పరగడుపున వేసుకునే రాబిప్రజోల్ క్యాప్సూళ్లలో చాలావాటికి డాంపెరిడోనో, లెవోసల్పిరైడో కలిపి ఉంటుంది. రెండూ ప్రొలాక్టిన్‌ను పెంచేవే. మా ఆడపడుచుకు నెలసరి తప్పి, రొమ్ముల్లో పాలు పడితే నేరుగా స్కాన్‌కే రాశారు. మరో డాక్టరమ్మ చీటీ చూసి ఆ క్యాప్సూల్ మాన్పించాక అన్నీ సర్దుకున్నాయి. గర్భం, థైరాయిడ్ లోపం ఉన్నాయేమో కూడా ముందే తేల్చుకోవాలి. ప్రొలాక్టిన్‌ను పెంచుతున్నవి మానసిక వ్యాధుల మందులైతే మాత్రం వాటిని సొంతంగా ఆపకూడదు.

తొందరపడితే ఇంకో చిక్కుంది. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ ఎంఆర్ఐ తీస్తే దాదాపు పదిమందిలో ఒకరికి, ప్రొలాక్టిన్‌ను తయారుచేసే పిట్యూటరీ గ్రంథిలో చిన్న మచ్చ కనిపిస్తుంది. ‘తలలో గడ్డ’ అన్న మాటకు ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు.

అలాగని ఎంఆర్ఐ వద్దనను. పక్కచూపు తగ్గినా, ప్రొలాక్టిన్ మిల్లీలీటరుకు 200 నానోగ్రాములు దాటినా ఆలస్యం చేయకూడదు. అప్పుడైనా మామూలు బ్రెయిన్ స్కాన్ చాలదు. 10 మిల్లీమీటర్లలోపు కణితి అందులో దొరక్కపోవచ్చు. గాడోలినియం ఎక్కించి, పిట్యూటరీని సన్నని పొరలుగా తీసే స్కానే రాయించుకోవాలి. ఈ సంగతులూ మీ పేజీలో వేస్తే పాఠకులకు మేలు.

— ఒక పాఠకురాలు, నల్గొండ