కాలమునకొక చలివేంద్రము

మన దేశమునకంతటికిని ఒకే కాలమేర్పడి నూఱేండ్లు దాటినది. 1906 జనవరి 1వ తేదీ మొదలుకొని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునుబట్టి, గ్రీనిచ్చి కాలమునకు 5½ గంటలు ముందుగా, మన గడియారములు నడచుచున్నవి. ఆ రేఖ తెలుగునాట కాకినాడ ప్రాంతముననే పోవుచున్నది. బొంబాయి, కలకత్తా నగరములు తమతమ కాలములను విడువక చిరకాలము పెనగులాడినవి. ఆ వివాదము ముగిసినది. కాని మన కంప్యూటర్లకును చేతిఫోనులకును వేళ చెప్పువారెవరను ప్రశ్న మిగిలియే యున్నది.

ఈ యంత్రములలోని గడియారములు తమంతట తాము సరిగా నిలువవు. దినదినమును కొంత తప్పుచుండును. అందుచే నవి ఇంటర్నెట్టు మీద నొక కాలసర్వరు నడిగి దిద్దుకొనుచుండును. 1985లో అమెరికా పండితుడు డేవిడ్ మిల్సు ఇందులకు నెట్‌వర్కు టైము ప్రొటోకాలను పద్ధతిని ప్రకటించెను. అడిగినవాడు తానడిగిన క్షణమును గుర్తించును. సర్వరు ప్రశ్న తనకందిన క్షణమును, తాను బదులు పంపిన క్షణమును తెలుపును. ఆ బదులు చేరిన క్షణము నాలుగవది. ఈ నాలుగింటివలన ప్రయాణకాలము తేలి, గడియారపు తప్పు తెలియును. అయితే రాకపోకల మార్గములు సమానమను నమ్మకముపై నీ లెక్క నిలిచియున్నది. దూరపు మార్గమున నీ నమ్మకము చెడుట సులభము. సర్వరు చేరువనుండుటచే లాభమిదియే.

మన జిల్లా రైతునకిది కొత్త సంగతి కాదు. పాకాల నీరు తూమునుండి కాలువకు, కాలువనుండి పిల్లకాలువకు, అందుండి మడికి పాఱును. అట్లే అణుగడియారము చెరువు; దానికి నేరుగా తగిలిన సర్వరు మొదటి అంతరువు; దానివలన తెలిసికొనునది రెండవది. మన చెరువు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. సంస్థలు తమ కంప్యూటర్ల కాలమును ఆ ప్రయోగశాలతోగాని, జాతీయ సమాచార కేంద్రముతోగాని, వాని ననుసరించు సర్వర్లతోగాని సరిపుచ్చుకొనవలెనని 2022 ఏప్రిలు 28న కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ శాసించినది. బ్యాంకు లెక్కయైనను, నేరపరిశోధనయైనను, ఏది ముందు ఏది వెనుక యని తేలనిదే న్యాయము తేలదు గదా!

చెరువున్నది గదా, పిల్లకాలువలేల యని కొందఱందురు. ఊరందఱును తూము కడకే పోయి కడవలు ముంచుకొన్నచో నేమగునో వారే యాలోచింతురుగాక. ఈ భారమును పంచుకొనుటకే 2003లో స్వచ్ఛంద సేవకుల కూటమియగు ఎన్‌టీపీ పూల్ ఏర్పడినది. 1959లో వెలసి నేడు నిట్టుగా పేరొందిన మన ఇంజనీరింగు విద్యాలయమును, 1976లో స్థాపితమైన కాకతీయ విశ్వవిద్యాలయమును ఇట్టి సేవకు తగిన స్థానములని మేము తలంచుచున్నాము. ఒక్కొక్క ప్రశ్న 48 బైట్లు మాత్రమే, వ్యయము స్వల్పము.

వ్యయము స్వల్పమైనను బాధ్యత స్వల్పము కాదు. సర్వరునకు మాఱని చిరునామా యుండవలెను. అది కనీసము నాలుగు మూలములను చూచుకొనవలెను. రెండే యున్నచో వానిలో నేది తప్పినదో తెలియదు, మూడింటిలో నొకటి మూగవోయినచో మరల రెండే మిగులును. వేళ తప్ప వేఱు ప్రశ్నలకు బయటివారికి బదులీయరాదు: 2014 ప్రాంతమున దుండగులు చిన్న ప్రశ్నతో పెద్ద బదుళ్లు రప్పించి, వానిని పరులపైకి మళ్లించి, గొప్ప చేటు చేసిరి.

అన్నిటికంటె ముఖ్యమైనది స్థైర్యము. ఒకమాఱు చిరునామా లోకమునకు తెలిసిన పిదప ప్రశ్నలు ఏండ్లతరబడి వచ్చుచునే యుండును. 2003లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు కాలసర్వరు చిరునామాను ఒక కంపెనీ తన యంత్రములలో శాశ్వతముగా చెక్కివేయగా, ప్రశ్నల వెల్లువ ఆ విద్యాలయమును ముంచెత్తినది. ఉగాదినాడు చలివేంద్రము తెఱచి వైశాఖమున మూసివేయువాడు, అసలు తెఱవనివానికంటె నెక్కువ కీడు చేయును. బాటసారి వానిని నమ్మియే ముంత తేక బయలుదేఱును.

కావున ఉత్సాహవంతుడగు ఒక విద్యార్థి చేతికి దీనిని వదలి, అతడు పట్టము పుచ్చుకొని పోవుటతో మఱచుట తగదు. ఈ సర్వరు నే యుద్యోగి చూడవలెనో, అతడు బదిలీయైనచో నెవరు చూడవలెనో, ముందుగా వ్రాతమూలకమైన ఉత్తరువు వెలువడవలెను. యంత్రమును తెఱచుట అటుపిమ్మటి పని.